పామ్ బీచ్ కౌంటీ మన తీరానికి చెప్పే పాఠం

1878 జనవరిలో 'ప్రొవిడెన్సియా' అనే స్పానిష్ ఓడ ఫ్లోరిడా తూర్పు తీరాన ఇసుకలో కూరుకుపోయింది. దాని నిండా దాదాపు 20 వేల కొబ్బరికాయలు. అప్పటికి ఆ తీరాన కాపురముంటున్నవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగే కుటుంబాలు. వాళ్లు ఆ కాయలను ఒడ్డుకు చేర్చుకుని ఇసుక నేలలో పాతారు. కొన్నేళ్లు తిరిగేసరికి అక్కడ కొబ్బరితోపులు లేచాయి. వాటి వల్లే ఊరికి పామ్ బీచ్ అన్న పేరొచ్చింది. 1909లో డేడ్ కౌంటీ నుంచి ఉత్తర భాగాన్ని విడదీసినప్పుడు కొత్త కౌంటీకీ అదే పేరు పెట్టారు.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. తేడా అధికారంలో ఉంది. ఎన్నికైన ఏడుగురు కమిషనర్లు దాన్ని నడుపుతారు. ఆస్తి పన్ను తామే వేస్తారు. పెద్ద ఖర్చుకు అప్పు కావాలంటే ఓటర్లనే నేరుగా అడుగుతారు. పామ్ బీచ్ కౌంటీ నేల సుమారు 5,100 చదరపు కిలోమీటర్లు, 2020 జనగణన ప్రకారం జనాభా 14.9 లక్షలు. అంటే మన కోనసీమ జిల్లా కంటే జనం కొంత తక్కువ, నేల రెండింతలకు పైన. తూర్పున 70 కిలోమీటర్లకు పైబడిన అట్లాంటిక్ తీరం, పడమర ఒకీచోబీ సరస్సు, నడుమ ఒకప్పుడంతా చిత్తడి నేల. ఇప్పుడు అందులో పెద్ద భాగం చెరకు తోటలు.

మన ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. కొత్త కొలతల్లో అది వెయ్యి దాటింది. కొత్త రేవులు, ఫిషింగ్ హార్బర్లు, బీచ్ రిసార్టులు, తీరం వెంట రోడ్లు అంటూ దాని మీద పెద్ద ఆశలు పెట్టుకున్నాం. అలాంటి ఆశలతోనే నూట ముప్పై ఏళ్ల కిందట బయల్దేరిన తీరం పామ్ బీచ్. అది గెలిచిన చోట్లా ఓడిన చోట్లా కారణం ఒక్కటే కనిపిస్తుంది. నీటికీ ఇసుకకూ వాటి దారి వదిలి, ఆ దారిని ఏటేటా ప్రజల డబ్బుతో కాపాడుకున్న చోట తీరం నిలిచింది. దారి మూసిన చోట మనుషులు పోయారు, లేదా మట్టి పోయింది.

వచ్చినవాళ్లు కట్టిన అందం

ఆ తీరం మొదట్లో ఎవరినీ ఆకర్షించే చోటు కాదు. జేగా తెగ ఆదివాసులు వేల ఏళ్లు అక్కడ చేపలు, ఆల్చిప్పల మీద బతికారు. యూరప్ నుంచి వచ్చిన రోగాలకూ యుద్ధాలకూ వాళ్లు తుడిచిపెట్టుకుపోయారు. 1860 జులైలో జూపిటర్ దగ్గర దీపస్తంభం వెలిగింది. 1885 నుంచి 1892 దాకా పామ్ బీచ్‌కూ మయామీకీ నడుమ ఉత్తరాలు చేరవేసిన టపా మనుషులు కొంత దూరం పడవ మీద, మిగతా దూరం అలల అంచున తడి ఇసుక మీద కాలినడకన వెళ్లేవారు. చెప్పులు విప్పేసి నడిచేవారు కాబట్టి 'బేర్‌ఫుట్ మెయిల్‌మెన్' అన్నారు. రోడ్డే లేని తీరం అది.

దానికి ప్రకృతి ఇచ్చిన వరం ఒకటుంది. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం ఫ్లోరిడాలో ఒడ్డుకు అతి దగ్గరగా వచ్చేది ఇక్కడే. ఉత్తరాన న్యూయార్క్ మంచులో బిగుసుకుపోయే జనవరిలో ఇక్కడ పల్చటి చొక్కాతో తిరగొచ్చు. ఈ సంగతిని వ్యాపారంగా మార్చినవాడు హెన్రీ ఫ్లాగ్లర్. రాక్‌ఫెల్లర్‌తో కలిసి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని నిలబెట్టినవాడు. 1894 ఫిబ్రవరిలో ఆయన లేక్ వర్త్ సరస్సు ఒడ్డున, మనం తురాయి అని పిలిచే చెట్టు పేరుతో 'రాయల్ పోయిన్సియానా' హోటల్ తెరిచాడు. ఆ ఏడాదే ఆయన రైలు అక్కడికి చేరింది. చలికాలంలో సంపన్నులు రైలెక్కి దిగే విడిది తయారైంది.

ఆ వైభవం ఎవరి చేతుల మీద లేచిందో కూడా చెప్పాలి. హోటల్ కట్టిన, అందులో పనిచేసిన నల్లజాతి కూలీలు 'స్టిక్స్' అనే గుడిసెల వాడలో ఉండేవారు. వాళ్లలో బహామా దీవుల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. నేల ధర పెరిగాక ఆ వాడ ఖాళీ అయింది. వాళ్లు సరస్సు అవతల వెస్ట్ పామ్ బీచ్‌కు తరలిపోవాల్సి వచ్చింది. ఇసుక ద్వీపం మీద హోటళ్లు, వంతెన అవతల పనివాళ్ల ఊరు: ఆ విభజన గీత ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు.

ఆ కౌంటీ కథలో మన దేశానికీ చోటుంది. 1889లో అమెరికా వ్యవసాయ శాఖ భారతదేశం నుంచి అంటు మామిడి మొక్కలు తెప్పించి, కొన్నింటిని లేక్ వర్త్ ఒడ్డున ఎల్‌బ్రిడ్జ్ గేల్ అనే విశ్రాంత ఆచార్యుడికి ఇచ్చింది. 1894-95 చలికి అవన్నీ మాడిపోగా ఒక్క చెట్టు బతికింది. దాన్ని అక్కడివాళ్లు 'మల్గోబా' అని పిలిచారు. 1898లో ఆ చెట్టు కాసింది. దాని పిక్కల నుంచి మొలిచిన మొక్కల్లోంచే మయామీ దగ్గర 'హేడెన్' మామిడి పుట్టింది. ఇవాళ ప్రపంచ మార్కెట్లలో కనిపించే 'టామీ అట్కిన్స్' వంటి ఎర్రబుగ్గల మామిళ్ల వంశం అక్కడి నుంచి వచ్చిందే. గేల్ తన తోట ఉన్న చోటికి మాంగోనియా అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుతో ఇప్పటికీ ఒక పట్టణం ఉంది.

జపాన్ నుంచి జో సకాయ్ అనే యువకుడి వెంట వచ్చిన రైతులు 1905 ప్రాంతంలో బోకా రటోన్ దగ్గర 'యమాటో' అనే పల్లె కట్టి అనాస పండించారు. తెగులు, క్యూబా పోటీ వాళ్లను దెబ్బతీశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం మిగిలిన భూములు తీసుకుని సైనిక విమానాశ్రయం కట్టింది. చివరిదాకా అక్కడే ఉండిపోయిన జార్జ్ సుకెజి మోరికామి అనే రైతు తన భూమిని ప్రజలకు రాసిచ్చాడు. 1977 నుంచి అక్కడ కౌంటీ జపాన్ ఉద్యానవనమూ మ్యూజియమూ నడుపుతోంది. అదే బోకా రటోన్‌లో ఐబీఎం ఇంజినీర్లు తయారుచేసిన పర్సనల్ కంప్యూటర్ 1981 ఆగస్టులో ప్రపంచం ముందుకొచ్చింది. బయటినుంచి వచ్చిన మొక్కనూ మనిషినీ పనినీ నిలుపుకున్నందుకే ఆ తీరానికి ఇంత పేరు.

సరస్సు పగిలిన రాత్రి

ఇక రెండో పక్క చూడాలి. 1904లో ఫ్లోరిడా గవర్నరుగా గెలిచిన నెపోలియన్ బొనపార్ట్ బ్రోవర్డ్ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిని ఎండగట్టి సాగులోకి తెస్తానని మాటిచ్చాడు. కాలువలు తవ్వారు. ఒకీచోబీ సరస్సు దక్షిణపు ఒడ్డున బెల్ గ్లేడ్, పహోకీ, సౌత్ బే ఊళ్లు వెలిశాయి. నల్లరేగడి కంటే నల్లని మట్టి, విత్తు వేస్తే పండే నేల. సరస్సు సహజంగా దక్షిణానికి పొర్లి గడ్డి మీదుగా మెల్లగా సముద్రానికి పారేది. ఆ పొర్లే దారికి అడ్డంగా ఐదారడుగుల మట్టికట్ట వేసి, దాని నీడలో పొలాలు వేశారు, గుడిసెలు కట్టారు.

1928 సెప్టెంబరు 16 రాత్రి హరికేన్ వెస్ట్ పామ్ బీచ్ దగ్గర తీరం దాటింది. కరీబియన్‌లో గ్వాడలూప్, ప్యూర్టో రికో దీవులను తొక్కుకుంటూ వచ్చిన తుఫాను అది. తీరాన మేడలు కూలాయి. ఎక్కువమంది పోయింది మాత్రం 60 కిలోమీటర్లకు పైగా లోపల, సరస్సు ఒడ్డున. గాలి నీటిని దక్షిణానికి నెట్టింది, కట్ట తెగింది, చీకట్లో నీరు పొలాల మీద పడింది. ఆ పగలు హెచ్చరిక విని ఎత్తైన చోటికి వెళ్లినవాళ్లలో కొందరు, అనుకున్న వేళకు తుఫాను రాలేదని ఇళ్లకు తిరిగొచ్చేశారు. మరణాలు 2,500కు తక్కువ కాదని అమెరికా వాతావరణ సంస్థ లెక్క సవరించింది. వాళ్లలో ఎక్కువమంది కోతలకు, కూరగాయల పనికి వచ్చిన నల్లజాతి వలస కూలీలు. శవపేటికలు తెల్లవాళ్లకే ఇచ్చారు. వెస్ట్ పామ్ బీచ్‌లో 674 మంది నల్లవాళ్లను ఒకే గోతిలో పూడ్చి, దశాబ్దాల పాటు అక్కడ ఒక రాయి కూడా పెట్టలేదు. 2002లో గానీ ఆ స్థలం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కలేదు. ఆ రాత్రిని రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1937లో నవలలోకి తెచ్చింది. అప్పటికి అధికారిక చరిత్రకంటే సాహిత్యానికే అది ఎక్కువ గుర్తుంది.

తెలుగువాళ్లకు ఈ కథ వినగానే దివిసీమ గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న ఐదారు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన అధికారిక లెక్కల్లోనే పది వేలకు మించిన ప్రాణాలు తీసింది. అక్కడా పోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలు, మత్స్యకారులు, గుడిసెల్లో పడుకున్న పిల్లలు. రెండు చోట్లా నీరు పేదవాడి ఇంటిని వెతుక్కుంటూ రాలేదు. పేదవాడికి దొరికిన ఇంటిస్థలమే నీటి దారిలో ఉంది.

ఆ తర్వాత రెండు ప్రాంతాలూ నేర్చుకున్న తీరు వేరు. ఫ్లోరిడాలో సరస్సు చుట్టూ గట్టు కట్టారు. హెర్బర్ట్ హూవర్ డైక్ అనే ఆ గట్టు పొడవు 230 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 30 అడుగులు. కట్టి వదిలేయలేదు. నీరు ఊరుతోందని తేలాక దాదాపు 180 కోట్ల డాలర్లతో మరమ్మతు మొదలుపెట్టి 2023 జనవరిలో పూర్తిచేశారు. మనవైపు మండలి వెంకట కృష్ణారావు వంటి నాయకులు దివిసీమ పునర్నిర్మాణానికి నడుం కట్టారు. తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి. హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను అతలాకుతలం చేసినా మరణాలు వేలల్లో కాక పదుల్లో ఆగాయి. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన విజయం. అయితే షెల్టరు మనిషిని కాపాడుతుంది గానీ ఇంటినీ పొలాన్నీ కాపాడదు. ఆ గట్టు మీద వాళ్లు పెట్టినంత శ్రద్ధ మన సముద్రపు కరకట్టల మీద, మురుగు కాలువల మీద ఏటేటా పెడుతున్నామా అన్నది అడగాల్సిన ప్రశ్న. 1977 తర్వాత కట్టిన షెల్టర్లు చాలా చోట్ల పాతబడ్డాయి. గోడలకు రంగు వేయడం మరమ్మతు కాదు.

ఇసుక కూడా నదే

సముద్రం ఒడ్డున ఇసుక ఒక చోట నిలిచి ఉండదు. అలలు వంపుగా తాకుతూ దాన్ని తీరం వెంట తోసుకుపోతుంటాయి. పామ్ బీచ్‌లో ఆ నడక దక్షిణానికి, మన తీరంలో ఎక్కువగా ఉత్తరానికి. ఓడల కోసం తీరాన్ని కోసి, రెండు పక్కలా సముద్రంలోకి రాతిగోడలు చాచితే ఆ ఇసుక గోడ దగ్గరే ఆగిపోతుంది. ఒక పక్క ఇసుక మేట, మరో పక్క కోత.

పామ్ బీచ్ కౌంటీ ఈ దెబ్బ చాలా ముందే తిన్నది. 1927లో సౌత్ లేక్ వర్త్ దగ్గర కాలువ తెరిచాక దక్షిణాన ఒడ్డు కరగసాగింది. 1937లో అక్కడ ఒక పంపు పెట్టారు. ఉత్తరపు గోడ దగ్గర పేరుకున్న ఇసుకను నీళ్లతో కలిపి తోడి, గొట్టంలో కాలువ అవతలికి పంపుతుంది. అమెరికాలో అలాంటి స్థిరమైన ఏర్పాటు అదే మొదటిది. 1958లో పెద్ద రేవు ఉన్న లేక్ వర్త్ ముఖద్వారం దగ్గరా ఒకటి పెట్టారు. అలల పనిని మనిషి అడ్డుకున్నాడు కనుక ఆ పనిని మనిషే చేయాలన్నది లెక్క. డెల్‌రే బీచ్ పట్టణం 1973లో తన ఒడ్డుకు ఇసుక పోసి, దాని వెనక ఇసుక దిబ్బలను మొక్కలతో తిరిగి నిలబెట్టింది. అప్పటినుంచి కొన్నేళ్లకోసారి ఇసుక పోస్తూనే ఉంది. ఖర్చుతో కూడిన పని, ముగింపు లేని పని. మానేస్తే ఊరి ఆదాయమే కొట్టుకుపోతుందని వాళ్లకు తెలుసు.

విశాఖపట్నానికీ ఇది కొత్త కాదు. ఔటర్ హార్బర్ గోడలు లేచాక ఆర్కే బీచ్ వైపు కోత మొదలైంది. రేవు తవ్విన ఇసుకను ఒడ్డుకు పోసే అలవాటు అక్కడ ఉంది. ఉప్పాడ సంగతి వేరు. జామ్దానీ చీరలకు పేరున్న ఆ ఊరి ఒడ్డు వరసలు వరసలుగా సముద్రంలో కలుస్తోంది. కాకినాడ బీచ్ రోడ్డు తుఫాను వచ్చిన ప్రతిసారీ తెగుతుంది. రాళ్లు పోసి ఒక చోట ఆపితే కోత పక్కకు జరుగుతుంది. దీనికి తోడు గోదావరి మీద కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు చేరే మట్టి తగ్గింది.

ఇప్పుడు రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట రేవుల్లో సముద్రంలోకి కొత్త గోడలు వెళ్తున్నాయి. ఉప్పాడ, జువ్వలదిన్నె, నిజాంపట్నం వంటి చోట్ల ఫిషింగ్ హార్బర్లు లేస్తున్నాయి. మత్స్యకారులకు ఇవి కావాలి, ఇందులో రెండో మాట లేదు. రేవు కట్టే ఖర్చులోనే ఇసుకను అవతలికి దాటించే ఖర్చునూ చేర్చాలి, దాన్ని నడిపే బాధ్యతను రేవు మీదే పెట్టాలి. పామ్ బీచ్‌లో కాలువ తవ్వాక ఆ పని మొదలుపెట్టడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లు మనం వృథా చేయనక్కర్లేదు.

కరిగిపోయిన మట్టి, చిక్కబడ్డ నీరు

బెల్ గ్లేడ్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1924లో ఒక కాంక్రీటు స్తంభం పాతారు. తొమ్మిది అడుగుల స్తంభం. కింద సున్నపురాయిని తాకుతూ, పై కొన నేలకు సమానంగా ఉండేలా దించారు. ఇవాళ అది ఆరడుగులకు పైగా బయటికి కనిపిస్తుంది. స్తంభం లేవలేదు, నేల దిగింది. వేల ఏళ్లు నీళ్లలో కుళ్లి పేరుకున్న గడ్డే ఆ నల్ల మట్టి. నీరు తీసేస్తే గాలి తగిలి, సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. వందేళ్ల సేద్యంలో వేల ఏళ్ల సంపద ఆవిరైంది. చెరకు బాగా పండిన ఏడు కూడా మట్టి కొంత తగ్గుతూనే వచ్చింది. ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ ఆ నష్టం రాయలేదు.

రెండో నష్టం నీటిది. పొలాల నుంచి దిగే నీటిలో ఫాస్ఫరస్ ఎక్కువై, దిగువ చిత్తడిలో సహజమైన గడ్డిని జమ్ము కమ్మేసింది. 1988లో కేంద్ర ప్రభుత్వమే ఫ్లోరిడా మీద దావా వేసింది. ఆ తగువు తర్వాత 1994లో చట్టం వచ్చింది. రాష్ట్రం 50 వేల ఎకరాలకు పైగా కృత్రిమ చిత్తడి చెరువులు కట్టి, పొలాల నీటిని వాటిలో నిలిపి, మొక్కలు ఫాస్ఫరస్ పీల్చుకున్నాక కిందికి వదులుతోంది. ఎవర్‌గ్లేడ్స్ నీటిలో ఉండదగిన ఫాస్ఫరస్ లీటరుకు 10 మైక్రోగ్రాములని లక్ష్యం పెట్టుకున్నారు. రైతులు కూడా తమ పొలంలోనే దాన్ని తగ్గించాలి, కొలతలు చూపాలి. 2010లో రాష్ట్రం ఒక చక్కెర కంపెనీ నుంచి దాదాపు 26,800 ఎకరాలను 19.7 కోట్ల డాలర్లకు కొన్నది. పొరపాటు సరిదిద్దడానికి చిత్తడిని ఎండగట్టిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చవుతోంది. పని ఇంకా పూర్తికాలేదు. వేసవిలో సరస్సు మీద పచ్చని నాచు తేలే ఏళ్లు ఇప్పటికీ వస్తున్నాయి.

మన కొల్లేరుకు ఇంతకంటే దగ్గర పోలిక దొరకదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, వెడల్పెక్కువ లోతు తక్కువ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకెళ్తుంది. 1999లో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. తర్వాత చెరువులు మళ్లీ లేచాయి. ఒక్క విడత దాడితో చిత్తడి నిలవదు. బతుకుతెరువు కోల్పోయినవాడికి దారి చూపకపోతే వాడు తిరిగి అక్కడికే వస్తాడు. ఫ్లోరిడా భూమికి డబ్బిచ్చింది, నీటిని శుద్ధిచేసే చోటు కట్టింది, పొలాల నుంచి దిగే నీటికి లెక్క పెట్టింది. కొల్లేరు లంకల్లోని మత్స్యకార కుటుంబాలకు న్యాయమైన పరిహారం, చేపల, రొయ్యల చెరువుల నీటిని నేరుగా డ్రెయిన్లలోకి వదలకుండా శుద్ధి తొట్లు, ఉప్పుటేరు పూడికతీత: ఈ మూడూ కలిసి జరగాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచింది. ఆ నీరు చేరవలసిన చోటు కొల్లేరే.

ఓటరును అడిగి కొన్న అడవి

పామ్ బీచ్ కౌంటీలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకునేది ఇది. 1991లో కౌంటీ ఓటర్ల ముందు ఒక ప్రశ్న పెట్టింది: మిగిలి ఉన్న పొదలూ చిత్తళ్లూ దిబ్బలూ కొనడానికి పది కోట్ల డాలర్ల అప్పు చేయనిస్తారా, మీ ఆస్తి పన్నుతో తీర్చాలి. ఓటర్లు సరేనన్నారు. 1999లో మళ్లీ 15 కోట్లు అడిగారు. అందులో పది కోట్లు తీరానికి దగ్గరలో ఉన్న సాగుభూముల రిజర్వు కోసం. అప్పుడూ సరేనన్నారు. ఇలా కౌంటీ చేతికి వచ్చిన సహజ ప్రాంతాలు ఇవాళ 30 వేల ఎకరాలకు పైన ఉన్నాయి. అక్కడ నడకదారులున్నాయి, బడిపిల్లలు వస్తారు, వాననీరు ఇంకుతుంది. రిజర్వు మీద బిల్డర్ల ఒత్తిడి ఇంకా ఉంది. ప్రతి మార్పు మీదా బహిరంగ విచారణలో జనం లేచి మాట్లాడతారు.

తాబేళ్ల విషయంలోనూ అంతే. జూనో బీచ్ ప్రాంతం లాగర్‌హెడ్ తాబేళ్లు అత్యంత ఒత్తుగా గుడ్లు పెట్టే ఒడ్లలో ఒకటి. మార్చి మొదటి తేదీ నుంచి అక్టోబరు చివరిదాకా సముద్రం వైపు కనిపించే దీపాలను తగ్గించాలి, ముసుగు వేయాలి. పిల్ల తాబేలు వెలుగును బట్టి సముద్రాన్ని వెతుక్కుంటుంది కనుక హోటలు దీపం దాన్ని రోడ్డు మీదికి లాగుతుంది. ఈ నిబంధనల వల్ల హోటళ్లు మూతపడలేదు. పైగా తాబేళ్లను చూపించే కేంద్రానికే పర్యాటకులు వస్తున్నారు. మన ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి వేసవి మొదటి దాకా విశాఖ నుంచి నాగాయలంక దాకా గుడ్లు పెడతాయి. అటవీ శాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రుళ్లు తిరిగి గుడ్లు సేకరించి కాపాడుతున్నారు. ఆ నెలల్లో బీచ్ రోడ్ల మీద దీపాల దిశ మార్చడం పెద్ద ఖర్చు కాదు.

అనుకరించకూడనివి

ఆ కౌంటీ నుంచి తెచ్చుకోకూడనివీ ఉన్నాయి. ఫ్లోరిడా రాజ్యాంగం ప్రకారం ఆటుపోటు గీతకు దిగువన తడి ఇసుక ప్రజలది. కానీ ఎగువ ఇసుక చాలా చోట్ల ప్రైవేటు భవనాలది. ద్వీపం పొడవునా మేడల గోడలే, ప్రజలకు వదిలిన దారులు కొన్నే. మన తీర నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. 2019 ప్రకటన, జనం ఒత్తుగా ఉన్న పల్లెల్లో నిర్మాణం చేయరాని మండలాన్ని 200 మీటర్ల నుంచి 50కి తగ్గించింది. వల ఆరబెట్టుకునే ఇసుక, పడవ లాగే దారి ఒకసారి కంచె వెనక్కి పోతే తిరిగి రావు.

సంపద పంపకంలోనూ అది ఆదర్శం కాదు. అమెరికాలోనే అతి సంపన్నమైన వీధులూ, చెరకు కోతకు ముందు తగలబెట్టిన ఆకు బూడిద ఆరుబయట బట్టల మీద రాలే బెల్ గ్లేడ్ ఇళ్లూ ఒకే కౌంటీలో ఉన్నాయి. వలస కూలీల దుస్థితిని దేశానికి చూపించిన 1960 నాటి సీబీఎస్ డాక్యుమెంటరీ 'హార్వెస్ట్ ఆఫ్ షేమ్' బెల్ గ్లేడ్‌లోనే మొదలవుతుంది.

ఒకే రకం మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా అక్కడే చూశారు. 1970లలో 'లీథల్ ఎల్లోయింగ్' అనే తెగులు ఆ తీరపు పొడవు కొబ్బరి చెట్లను వేల సంఖ్యలో చంపింది. తట్టుకునే మలయన్ పొట్టి రకాలను, సంకరాలను వేసి కోలుకున్నారు. 2009లో ఫ్లోరిడాలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ 2016లో పొల్లాచిలో, ఆ వెంటనే గోదావరి జిల్లాల్లో తేలింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం మిత్ర కీటకాలు, మిత్ర శిలీంధ్రాలతో రైతుకు అండగా నిలిచింది. 1996 నవంబరు తుఫానుకు కోనసీమ కొబ్బరి ఎలా నేలకొరిగిందో చూసిన మనం, ఆ కేంద్రానికి మనుషులనూ నిధులనూ ఇంకా ఇవ్వాలి.

అప్పు తెచ్చుకోవాల్సిన తెలివికీ హద్దుంది. ఫ్లోరిడా సరుగుడును నిషేధించింది. దాని వేళ్లు పైపైనే ఉండి గాలికి కూలుతుందని, తాబేళ్లకు అడ్డమని తీరం నుంచి నరికేస్తోంది. అదే సరుగుడు మన తీరాన పొయ్యికి కట్టె, పల్లెకు గాలి అడ్డు, ఎన్నో కుటుంబాలకు ఆదాయం. మనం దాన్ని నరకాల్సిన పని లేదు. దాని ముందు, ఇసుక దిబ్బ మీద, మేకడెక్కలాంటి ఆకులతో ఊదా పూలు పూసే తీగను బతకనివ్వాలి. ఆ తీగ రెండు తీరాల్లోనూ దిబ్బలను పట్టి ఉంచుతోంది.

ఇప్పుడు చేయాల్సింది

కౌంటీకి ఉన్న ఆర్థిక స్వేచ్ఛ మన జిల్లా పరిషత్తుకు లేదు. అందుకే నిర్ణయాలు రాజధానిలో జరుగుతాయి, నష్టం ఒడ్డున ఉన్న పంచాయతీ భరిస్తుంది. తీరప్రాంత జిల్లాలకు ఒక ప్రత్యేక నిధి కావాలి. అది రేవుల, రిసార్టుల, ఆక్వా ఎగుమతుల ఆదాయంలో వాటాగా రావాలి. ఇసుక దాటించడానికి, కరకట్టల మరమ్మతుకు, చిత్తడి కొనుగోలుకు, మత్స్యకారుల ఇళ్లకు మాత్రమే ఖర్చు కావాలి. ఏటా ఎంత ఒడ్డు పోయింది, ఎంత ఇసుక పోశారు, ఏ డ్రెయిన్‌లో నీరు ఎంత చిక్కబడింది అన్న లెక్కలు గ్రామసభ గోడ మీద రాయాలి.

తీరాన్ని చూసి మురిసిపోవడం అందరికీ వచ్చు. దాన్ని నిలబెట్టే పని బడ్జెట్‌లో ఉంటుంది, కరకట్ట మీద ఉంటుంది, పూడిక తీసిన కాలువలో ఉంటుంది. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను కొత్త బీచ్ రోడ్డు ఎప్పుడు వేస్తారని అడుగుతున్నాం. పాత కరకట్టకు, పాత డ్రెయిన్‌కు, పాత షెల్టరుకు ఈ ఏడాది ఎంత ఇస్తారని కూడా అడగండి.